చిటికెన వేలు

"నా మోకాలు సలుపుతోందే అమ్మాయ్. మీరు ముగ్గురూ వెళ్ళిరండి," అంది మా అత్తగారు. పొద్దున లేచినప్పటి నుంచీ ఈ మాట అనడం నాలుగోసారి.

"నిన్న మేడ మీంచి బకెట్టెడు బట్టలు మీరే కదా అత్తయ్యా దించారు? నిన్న లేని సలుపు ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"నిన్న దించినందుకే ఇవాళ వచ్చింది."

మా ఇంట్లో సమాధానాలకి కరువు లేదు.

మా ఆయన వంటింటి బల్ల మీద నాలుగు పాసులూ పేకముక్కల్లా పరుచుకుని కూర్చున్నాడు. "పాసులు నాలుగున్నాయి, మనం నలుగురం ఉన్నాం. పిల్లలు మట్టి పిసుక్కుంటూ, రంగులు పూసుకుంటూ ఆడుకునే చోటు. వెళ్ళొస్తే అందరికీ మనసు తేలికపడుతుంది," అన్నాడు.

"మనసు బరువెక్కించింది ఎవరో ముందు తేలనివ్వండి. తర్వాత తేలికపరుద్దురుగాని."

ఆయన పాసుల వంక చూస్తూ ఉండిపోయాడు. వారం రోజులుగా అదే అలవాటు చేసుకున్నాడు, నేను నోరు తెరవగానే దేని వంకో చూడటం.

వారం కిందట ఇదే బల్ల దగ్గర ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. మా పిట్ట నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని, "అమ్మా, నేను నీ పొట్టలోంచే వచ్చానా?" అని అడిగింది. ఎనిమిదేళ్ళ పిల్ల. నా చేతిలోని దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. "పొట్టలోంచి కాక నోట్లోంచి వస్తావా?" అని కసిరి లేచిపోయాను.

పిట్ట నా కడుపున పుట్టలేదు. మా అక్క కడుపున పుట్టింది. పుట్టిన పదకొండో రోజున నా చేతుల్లోకి వచ్చింది. అప్పటికి మాకు పెళ్ళయి ఏడేళ్ళు. పిల్లలు పుట్టరని డాక్టర్లు తేల్చేశారు. అక్కని కట్టుకున్నవాడు ఆరో నెలలో చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. పిల్లని ఇస్తానని అక్కే అంది. షరతు మాత్రం నేను పెట్టాను. "నువ్వు ఈ ఊళ్ళో ఉండకూడదు. దాని కంట పడకూడదు," అన్నాను. అక్క సరేనని రైలెక్కింది. ఏడాదికొక ఉత్తరం రాస్తుంది, అందరూ క్షేమమా అని. క్షేమమే అని నేను రాస్తాను. ఎనిమిదేళ్ళుగా అంతే.

ఈ సంగతి తెలిసినవాళ్ళు నలుగురు. నేను, మా ఆయన, మా అత్తగారు, ఎక్కడో దూరాన ఉన్న అక్క. నేను చెప్పలేదు. అక్క ఇక్కడ లేదు. మిగిలింది ఇద్దరు, ఇద్దరూ మాకేం తెలీదనే అంటున్నారు. ఇద్దరిలో ఒకరు నా కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెబుతున్నారు. ఏదో ఒకనాడు ఈ పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసి, "అయితే నువ్వు మా అమ్మవి కాదన్నమాట," అంటే నా గతేంటి? అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన, కత్తెర పట్టుకున్నా అదే ఆలోచన.

"అత్తయ్యా, మీరు రాకపోతే నేనూ రాను," అన్నాను. ప్రేమ పొంగుకొచ్చి కాదు. ఇద్దర్నీ నా కళ్ళెదుట ఉంచుకోవాలని.

గుమ్మం దగ్గర అప్పటికే చెప్పులేసుకుని గెంతుతున్న పిట్ట, "రా నానమ్మా! నువ్వు బెంచీ మీద కూర్చుందువుగాని," అంది.

పిల్ల పెద్దావిడకి తోవ చూపిస్తోంది కాబోలు అనుకున్నాను. అప్పటికి అంతే అనుకున్నాను.

బస్సులో అత్తగారు కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. నిద్రపోయే మనిషి చేతిసంచీని అంత గట్టిగా పట్టుకోదు. పిట్ట ఏదో కూనిరాగం తీస్తోంది, రాగమూ కాదు, పాటా కాదు. రెండు నెలలుగా శనివారాలు నేను గ్లవ్స్ కంపెనీలో కటింగు బల్ల దగ్గరుంటే, వాళ్ళ నానమ్మ దాన్ని పాటల క్లాసుకి తీసుకెళ్తోంది. రెండు నెలల్లో ఒక్క పాట కూడా పూర్తిగా రాలేదు. నా గొంతే వచ్చిందిలే అని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

మేం దిగిన చోటు ఒకప్పటి దారాల గోడౌను. ఎత్తైన కప్పు, పొడుగాటి కిటికీలు. గుమ్మం మీద పిల్లల చేతిరాతతో రంగురంగుల అక్షరాలు: ఇక్కడ అన్నీ ముట్టుకోవచ్చు.

పాసులు చింపే ఆవిడ మమ్మల్ని చూడగానే మొహమంతా నవ్వు చేసుకుని, "రండి రండి, మళ్ళీ వచ్చారా!" అంది.

ముందు నిలబడింది మా ఆయన. ఆయన కూడా పళ్ళికిలించి, "మీ లిఫ్టు బాగానే నడుస్తోందాండీ?" అన్నాడు.

నాకు చురుక్కుమంది. మా ఆయన లిఫ్టు మెకానిక్. ఇక్కడ సామాన్లు ఎక్కించే లిఫ్టు బాగు చేస్తే మెచ్చుకుని పాసులిచ్చారట. అది నాకు చెప్పిన కథ. ఒక్క పూట పనికొచ్చినవాణ్ణి చూసి ఎవరైనా "మళ్ళీ వచ్చారా" అని అంత మురిసిపోతారా?

వెనక మా అత్తగారు చెప్పు సరిచేసుకోవడానికి వంగింది. మేం లోపలికి వెళ్ళేదాకా సరిచేసుకుంటూనే ఉంది.

లోపల ఒక్కో గదిలో ఒక్కో గోల. ఒకచోట పిల్లలు గోడ మీదికి రంగు చిమ్ముతున్నారు, ఒకచోట తాళ్ళతో వల అల్లి అందులోనే వేలాడుతున్నారు. ఏప్రన్లు తొడుక్కోమని బోర్డు ఉంది గానీ ఏప్రన్లు ఎక్కడా కనబడలేదు. నేను అటూ ఇటూ చూస్తుంటే పిట్ట తిన్నగా వెళ్ళి, తలుపు మూసి, దాని వెనకాల మేకుకి తగిలించిన వాటిలోంచి చిన్న సైజుది లాక్కుంది. ముడి కూడా తనే వేసుకుంది, వెనక కాదు, ముందు.

చేతులు కడుక్కునే చోట ఒక పిల్లవాడి తల్లి కుళాయితో కుస్తీ పడుతోంది, నీళ్ళు రావట్లేదని. పిట్ట వెళ్ళి, "ఆంటీ, ఇది ఎడంవైపు కాదు, కుడివైపు తిప్పాలి," అని తిప్పి చూపించింది.

"నీకెలా తెలుసే?" అన్నాను.

"ఊరికే."

"ఊరికే తెలియడం ఏంటి? ఇంతకుముందు వచ్చావా ఇక్కడికి?"

పిట్ట తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. "అమ్మా, మట్టిగదికి వెళ్దామా?" అంది.

నా కూతురు నాకు జవాబు చెప్పకుండా మాట తప్పించడం నేనెరిగి అదే మొదలు.

అత్తగారు అప్పటికే బెంచీ వెతుక్కుని కూర్చుంది. పిట్టని ఆవిడ దగ్గర వదిలి, మా ఆయన్ని రంగుల గది మూలకి లాక్కెళ్ళాను.

"ఎన్నిసార్లు తీసుకొచ్చారు దీన్ని ఇక్కడికి?"

"ఎవర్ని?"

"నన్ను కాదులెండి. పిల్లని. ఎవరికి చూపించడానికి తీసుకొచ్చారు?"

"నీకేమైనా పిచ్చా? లిఫ్టు చూడటానికి ఒక్కసారొచ్చాను. అదీ వెనక గుమ్మంలోంచి. ఈ గదులు నేనూ ఇప్పుడే చూస్తున్నాను."

"ఆ టికెట్లావిడ మీ చుట్టమా మరి?"

"నన్ను అన్నదో, ఇంకెవర్ని అన్నదో."

"ఇంకెవరున్నారు అక్కడ? నా చెవిలో పువ్వులు పెట్టకండి."

ఆయనకి కోపం వచ్చింది. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన కోపం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "వారం నుంచి నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నావు. నా జేబులు వెతికావు, నా ఫోను చూశావు, ఊరుకున్నాను. పిల్లకి నిజం చెప్పేవాణ్ణే అయితే నీకు చెప్పి, నిన్ను పక్కన కూర్చోబెట్టుకునే చెప్తాను. చాటుగా చెప్పే ఖర్మ నాకేంటి?"

అంతలో ఎవరి పిల్లో చిమ్మిన పచ్చరంగు వచ్చి ఆయన చెంప మీద పడింది. ఇంకో రోజైతే ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆయన చేత్తో తుడుచుకుంటే చెవిదాకా పచ్చగా సాగింది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

నేను నమ్మలేదు. నమ్మాలనే ఉంది, అదే నా ఏడుపు.

మట్టిగది మాస్టారు బొద్దుగా ఉంటాడు. కళ్ళద్దాల మీద మట్టి చుక్కలు, వాటిలోంచే చూస్తాడు. అరచెయ్యి వెడల్పుకి రెండింతలున్న మెత్తని మట్టిపలక ఒకటి పిట్ట ముందు పెట్టి, నాకూ మా ఆయనకీ చెప్పాడు.

"పిల్లది ఒక చెయ్యి, పిల్లతో వచ్చిన పెద్దవాళ్ళది ఒక చెయ్యి, పక్కపక్కన అచ్చు వెయ్యాలండీ. మేం కాల్చి గోడకి అతికిస్తాం. పేర్లు రాయం. మళ్ళీ వచ్చినప్పుడు ఎవరి చెయ్యి వాళ్ళే వెతుక్కోవాలి. అదే ఇక్కడి ఆట."

అదిగో గోడ అని చూపించాడు. నేలనుంచి కప్పుదాకా చేతులే.

"కానీ తల్లీ," అన్నాడు పిట్టతో. పిట్ట కుడిచెయ్యి పలక మీద పెట్టింది.

నేను ముందుకి వంగి చూశాను.

చెయ్యి పెట్టమంటే లోకంలో ఏ పిల్లైనా అయిదు వేళ్ళూ బార్లా చాపి పెడుతుంది. పిట్ట అలా పెట్టలేదు. చూపుడు వేలు, మధ్యవేలు అతికించినట్టు కలిపింది. ఉంగరపు వేలు కాస్త ఎడంగా, చిటికెన వేలు ఇంకాస్త ఎడంగా, బొటనవేలు బాగా పక్కకి.

అది మా నాన్న షాపులో చెయ్యి కొలిచే పద్ధతి. మా నాన్న తోలు గ్లవ్స్ కుట్టేవాడు. వచ్చినవాళ్ళ చెయ్యి కాగితం మీద అలా పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీసేవాడు. మొదటి రెండు వేళ్ళ మధ్య చీలిక ఆఖర్న కొయ్యాలి, ముందే కోస్తే అరచెయ్యి దగ్గర తోలు లాగేస్తుందని ఆయన సిద్ధాంతం. అందుకని ఆ రెండూ కలిపే గియ్యాలి. ఇంకే షాపులోనూ అలా గియ్యరు. నేను పనిచేసే కంపెనీలో గియ్యబోతే సూపర్‌వైజరు నవ్వాడు. అప్పట్నుంచీ మానేశాను. ఇంట్లో అయితే కత్తెర ఊసే ఎత్తను.

"ఎవరు నేర్పారే నీకు ఇలా పెట్టడం?"

పిట్ట చెయ్యి తియ్యకుండానే నా వంక చూసింది. కళ్ళలో భయం. నన్ను చూసి భయం!

నేను మా ఆయన వైపు తిరిగాను. "మీ చెయ్యి పెట్టండి."

"ఎక్కడ?"

"బల్ల మీద. ఊరికే పెట్టండి."

పెట్టాడు. అయిదు వేళ్ళూ అయిదు దిక్కులకి. స్క్రూలు తిప్పీ తిప్పీ మొద్దుబారిన ఆ వేళ్ళకి ఏ పద్ధతీ తెలీదు. ఎంత నటించేవాడైనా అరచేత్తో నటించలేడు. వారం రోజులు నా నోట పడి నలిగిన మనిషి, పచ్చ చెవితో, ఇంకేం చెయ్యమంటావన్నట్టు నిలబడ్డాడు. సిగ్గేసింది నాకు. కానీ క్షమాపణలకి అప్పుడు తీరికెక్కడిది?

గోడ దగ్గరికి వెళ్ళాను. చిన్న చేతులు, పెద్ద చేతులు, జంటలు జంటలుగా. చేతులు చదవడం నా వృత్తి. పిట్ట చిటికెన వేలు కొసన లోపలికి వంగి ఉంటుంది, మా నాన్నకి ఉన్నట్టే. "మా నాన్నది నీకొచ్చిందే," అని చిన్నప్పట్నుంచీ దానికి చెబుతూ వచ్చాను. ఆ వంపు కోసం వెతికాను. నా భుజం ఎత్తున దొరికింది.

చిన్న చెయ్యి. కలిసిన రెండు వేళ్ళు, వంగిన చిటికెన వేలు.

దాని పక్కన ఒక ఆడమనిషి చెయ్యి. కలిసిన రెండు వేళ్ళు, వంగిన చిటికెన వేలు.

ఇక్కడ అన్నీ ముట్టుకోవచ్చు కదా. నా చెయ్యి ఎత్తి ఆ పెద్ద అచ్చులో పెట్టాను. అరచెయ్యి సరిపోయింది. మణికట్టు సరిపోయింది. నాలుగు వేళ్ళూ, కొలత తీసి కుట్టిన గ్లవ్‌లోకి దూరినట్టు, ఎక్కడివక్కడ అమరాయి. చిటికెన వేలు మాత్రం ఆ వంపులోకి పోలేదు. నా చిటికెన వేలు నిటారుగా ఉంటుంది. మా నాన్న వంపు నాకు రాలేదు. అక్కకి వచ్చింది.

ఎనిమిదేళ్ళ తర్వాత మా అక్క చేతిలో నా చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఏడుపు ముందొచ్చిందో కోపం ముందొచ్చిందో నాకు తెలీదు.

"ఆ పలక ఎవరిదో కనిపెట్టారా?" అన్నాడు మాస్టారు వెనక నుంచి. "మా చేతిబొమ్మల టీచరుదండీ. పిల్లలకి పాతగుడ్డలతో చేతికి తొడుక్కునే బొమ్మలు కుట్టడం నేర్పుతుంది. ఆ రోజు మీ పాపకి జంటగా వెయ్యడానికి ఎవరూ లేకపోతే టీచరే వేసింది. పెద్దావిడేమో నా చెయ్యి వద్దు బాబూ అని బెంచీ మీంచి లేవలేదు."

పెద్దావిడ.

బెంచీ దగ్గరికి వెళ్ళి అత్తగారి ఎదురుగా నిలబడ్డాను. మా ఆయన నా వెనకే వచ్చాడు.

"పాటల క్లాసు ఎక్కడ అత్తయ్యా?"

అత్తగారు చేతిసంచీ జిప్పు తెరిచింది. మూసింది.

"మిమ్మల్నే అడుగుతున్నాను."

"పాటల క్లాసు లేదు," అంది.

"అమ్మా!" అన్నాడు మా ఆయన.

"నువ్వుండరా." ఆవిడ తలెత్తి నన్నే చూసింది. "స్కూలు గేటుకి ఎదురుగా బస్టాపు లేదూ? అక్కడ నిలబడి ఉండేది మీ అక్క. ఏ బస్సొచ్చినా ఎక్కేది కాదు. పిల్ల బయటికొస్తుంటే స్తంభం చాటుకి పోయేది. నాలుగు రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అయిదో రోజు నేనే రోడ్డు దాటి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి కాదది, పుల్ల."

"ఈ ఊరికి ఎప్పుడొచ్చింది?"

"మూడు నెలలైంది."

"ఆ మాట నాతో అనాలని మీకు తోచలేదా?"

"అంటే ఏం చేసేదానివి?"

ఏం చేసేదాన్నో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. మళ్ళీ రైలెక్కించేదాన్ని.

"అలా దాక్కుని దాక్కుని ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద పిల్లని పట్టుకుని బావురుమంటే అప్పుడేం చేస్తాం? అందుకని నేనే కట్టడి చేశాను. శనివారం ఒక్క గంట. పదిమంది పిల్లల మధ్య. నేను ఇక్కడ, ఈ బెంచీ మీద. టీచరు అనే పిలవాలి, ఒక్క ముక్క బయటపడకూడదు. ఇవాళ్టిదాకా మాట తప్పలేదు. నా కళ్ళ ముందే కదా."

"తప్పకపోతే పిల్ల ఆ ప్రశ్న ఎందుకడిగింది?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు. నువ్వు మీ ఆయన్ని దులిపేస్తుంటే నోరు విప్పలేక, విప్పకుండా ఉండలేక చచ్చాను."

"నా పిల్లకి నా దగ్గరే దాపరికం నేర్పారు మీరు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నానమ్మతో వెళ్ళు, అమ్మకి చెప్పకు అని. ఇందాక అది నన్ను చూసి భయపడింది తెలుసా? నన్ను!"

అత్తగారు చేతిసంచీ పక్కన పెట్టింది. "అది తప్పే. ఒప్పుకుంటున్నాను," అంది.

"అది నా పిల్ల."

"నీ పిల్లే. కాదన్నదెవరే? ఎనిమిదేళ్ళ నుంచీ ఎవరూ అడక్కుండానే నువ్వే అంటున్నావు ఆ మాట."

మా ఆయన ఇద్దరి మధ్యా నిలబడి ఎవరి వైపు చూడాలో తెలియక తన బూట్ల వంక చూసుకున్నాడు. పక్కగదిలో పిల్లలు కేకలేస్తున్నారు. ఆవిడ మోకాలు నిజంగానే సలుపుతోందేమో, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కూర్చుంది. ఆవిడ మీద జాలి పడకూడదని పళ్ళు బిగించాను.

"పదండి, ఇంటికి పోదాం," అన్నాను. "ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కేది లేదు. శనివారాలు నేను సెలవు పెడతాను. మిగతాది ఇంటికెళ్ళాక తేలుద్దాం."

"పోదాం. ఆదివారం అది రాదులే," అంది అత్తగారు.

బకెట్టుతో నీళ్ళు పట్టుకెళ్తున్న మాస్టారు ఆ మాట విని ఆగాడు. "బొమ్మల టీచరా? ఈ వారం నుంచి ఆదివారం కూడా క్లాసు పెట్టామండీ. మూడింటికి వచ్చేస్తుంది. ఉండండి, పాప సంతోషపడుతుంది."

గోడ గడియారంలో మూడుకి పది నిమిషాలు తక్కువ.

అత్తగారి మొహం పాలిపోయింది. ఆవిడకి ఇది తెలీదు. ఆ ఒక్కటీ నాటకం కాదు.

నేను మట్టిగదిలోకి పరుగులాంటి నడక నడిచాను. పిట్ట బల్ల దగ్గరే ఉంది, నేను వదిలిన చోటే, కదలకుండా. తన చెయ్యి అచ్చు పడిన పలకలో పక్కన ఖాళీ ఉంది. మట్టి ఆరిపోకుండా ఆ ఖాళీ మీద తడిగుడ్డ కప్పి కాపలా కాస్తోంది.

"పిట్టా, చేతులు కడుక్కో. వెళ్ళిపోతున్నాం."

"నీ చెయ్యి వెయ్యలేదుగా ఇంకా."

"ఇంకోసారి వేస్తాను."

"ఇంకోసారి రావుగా నువ్వు." గుడ్డ అంచు సరిచేసింది. "మీరు అరుచుకుంటుంటే ఇక్కడికి వినబడింది. అమ్మా, నానమ్మని తిట్టకు. నేనే ఎవరికీ చెప్పలేదు. టీచరు ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏమీ అనదు. బొమ్మ కుట్టడానికి నా చెయ్యి గీస్తుందంతే."

"మరి ఆ రోజు నన్ను అలా ఎందుకడిగావు? పొట్టలోంచి వచ్చానా అని?"

పిట్ట తన చిటికెన వేలు పైకెత్తి చూపించింది. "ఇది తాతయ్యది అన్నావుగా నువ్వు. మీ ఇంట్లోవాళ్ళకే ఉంటుందన్నావు. టీచరుకీ ఇలాగే ఉంది. నీకేమో లేదు."

ఎవరూ చెప్పలేదు దానికి. నేనే చెప్పాను. ముద్దు చేస్తూ, ఆ వంపు మీద ముద్దులు పెడుతూ, ఎనిమిదేళ్ళ పాటు నేనే చెప్పాను.

"అమ్మా, వెయ్యి. ఒక్కసారి," అంది.

చూస్తూ చూస్తూ కాదనలేకపోయాను. గుడ్డ తీసి, మట్టి మీద చెయ్యి పెట్టాను. ఆలోచించకుండానే పెట్టాను. మొదటి రెండు వేళ్ళూ వాటంతటవే కలిశాయి.

పిట్ట కళ్ళు పెద్దవయ్యాయి. "నువ్వు కూడా టీచరులాగే పెడతావే!"

నేను జవాబు చెప్పే లోపే తన రెండు చేతులతో నా చిటికెన వేలు పట్టుకుంది. మట్టి అంటిన చిన్న వేళ్ళు. పుల్లని వంచినట్టు, విరగకుండా, మెల్లగా లోపలికి వంచబోయింది.

"కొంచెం వంచమ్మా. కొంచెం వంచితే నువ్వూ నేనూ ఒకటే అయిపోతాం. టీచరుది వేరే ఎవరిదో అనుకోవచ్చు."

ఆ క్షణంలో వంచెయ్యొచ్చు. ఒక్క వేలు. మట్టి ఆరిపోతుంది, కాల్చి గోడకి అతికిస్తారు, నా కూతురు వచ్చినప్పుడల్లా చూసుకుని ధీమాగా ఉంటుంది. నా కూతురు నాకోసం అబద్ధం తయారుచేసి ఇస్తోంది. తీసుకోవడమే నా వంతు. తీసుకోవాలని ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

వెనక నుంచి మా ఆయన వచ్చి నిలబడ్డాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు, అయిదు వేళ్ళూ అయిదు దిక్కులకి.

"ఇది వంగదు తల్లీ," అన్నాను.

వేలు నిటారుగానే ఉంచి మట్టిలోకి గట్టిగా నొక్కాను.

తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఏప్రన్ కట్టుకున్న మనిషి ఆగిపోయింది. జుట్టు సగం నెరిసింది, మొహం పీక్కుపోయింది. నన్ను చూడగానే మా అక్క రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

పిట్ట అటు తిరగలేదు. నా మొహంలోకే చూస్తోంది.

"ఎందుకు వంగదమ్మా?" అంది.